కృతిపతికిఁ బూర్వము: అహోబిల నంద్యాల సీమలలో నూతనకవుల విద్యయుఁ బోషణమును

మన సాహిత్యచరిత్రలు తఱచుగా రాజులతోఁ బ్రారంభమగుచున్నవి. యుగములకు రాజుల పేళ్లు పెట్టుట, కవుల నాస్థానముల వారీగా విభజించుట, ఏ ప్రభువు ఏ కవి కేమి యిచ్చెనో లెక్కించుట మనకు వాడుకయైనది. కృత్యవతారికలలో ప్రభువుల వంశావళులు విస్తరముగా నున్నవి గనుక చరిత్రకారుఁడు దొరకిన యాధారమును బట్టి నడచినాఁడు. ఇందు నేరమేమియు లేదు. కాని కవి ప్రభువు నెదుట నిలుచునాఁటికే కవియై యుండును. ఆ సభాప్రవేశమునకుఁ బూర్వము పది పదునైదేండ్లు వాని కన్నము పెట్టినవా రెవరు? కోశమును, వ్యాకరణమును జెప్పినవా రెవరు? వాని తొలిపద్యములలోని యతిభంగములను జూపి దిద్దినవా రెవరు? ఆ తొలికృతు లేమైనవి? ఈ ప్రశ్నలను మనము గట్టిగా నడిగినది తక్కువ.

ఈ విచారమునకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతము మిక్కిలి యనుకూలమైనది. ఏలయన, రెండు మూఁడు దినముల కాలినడకలోనే యిచ్చట నొక విద్యాస్థానమును, ఒక రాజాస్థానమును నుండెను. ఒకటి నల్లమలలోని యహోబిలము. రెండవది కుందూనది పరీవాహమందలి నంద్యాల. 1800లో నిజాము ఇంగ్లీషు కుంపిణీకి వదలుకొన్న దత్తమండలములలోని దీ సీమ. 1928 నవంబరులో నంద్యాలలోఁ గూడిన సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచింపఁగా దీనికి రాయలసీమ యను గౌరవప్రదమైన పేరు వచ్చినది. చిరకాలము కర్నూలు జిల్లాలోఁ జేరియుండి, 2022 ఏప్రిలు 4వ తేదీని నంద్యాల ప్రత్యేక జిల్లా యయ్యెను. ఆళ్లగడ్డయు, దానికిఁ దూర్పుగా నున్న యహోబిలమును ఆ జిల్లాలోనివే. ఆళ్లగడ్డ నేఁటికిని ఱాతిశిల్పులకుఁ బ్రసిద్ధి గన్న యూరు. అచ్చట నుళి పట్టుట యింటివిద్య. తండ్రి ప్రక్కఁ గూర్చుండి చూచి, పాడయిన ఱాతి మీఁదఁ జేయి త్రిప్పి, పిమ్మట మంచి ఱాయి ముట్టుదురు. కవిత్వమునకు నట్టి పాడయిన ఱాయి కావలయును. అది యెవ్వ రిచ్చిరన్నదే యీ వ్యాసమున విచారింపవలసిన విషయము.

మొదట నహోబిలము. ఇచ్చటి మఠము 14వ శతాబ్ది చివర నాదివణ్ శఠకోపయతిచే స్థాపితమైనదని మఠసంప్రదాయము. ఆ యతి శిష్యులలో మన భాషకు సంబంధించినవాఁడు తాళ్లపాక యన్నమాచార్యుఁడు. ఈ సంగతి యన్నమయ్య మనుమఁడగు చిన్నన్న రచించిన ద్విపద చరిత్రమువలనఁ దెలియును. ఆ గ్రంథమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతోఁ బరిష్కరింపఁగా 1949లోఁ దిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్రకటించిరి.

ఆ చరిత్రములోని బాల్యకథ గమనింపఁదగినది. ఇంటివారు బాలుని గడ్డి కోయఁ బంపిరి. కొడవలి వ్రేలికిఁ దగిలెను. వాఁ డాపని విడిచి, దారినిఁ బోవు యాత్రికుల గుంపుతోఁ దిరుపతికి నడచిపోయెను. భక్తులు దీనిని దైవలీలగాఁ జెప్పుకొందురు, చెప్పుకొనవచ్చును. నాకు మాత్ర మిందు నొక సామాన్యమైన సత్యము తోఁచును: పాడుకొను పిల్లవాఁ డింటికిఁ బనికిరానివాఁడుగాఁ గనఁబడెను. అట్టివాఁడు పెండ్లియైన పిమ్మట నహోబిలమునకు వచ్చి శఠకోపయతి పాదములయొద్ద వేదాంతగ్రంథములు చదివెనని చిన్నన్న చెప్పుచున్నాఁడు. తాళ్లపాకవారి రాగిఱేకుల యుపోద్ఘాతమును బట్టి యతఁడు సంకీర్తనరచనకుఁ బూనినది శా. శ. 1346, అనఁగా క్రీ. శ. 1424. అప్పటికిఁ బదునాఱేండ్లవాఁడు. పదములు ముందు పుట్టినవి. శాస్త్రము వెనుక వచ్చి వానికి వెన్నెముక యైనది.

మఠమున్నచోట మూఁడు వస్తువు లుండును: అన్నము, పుస్తకము, అడుగఁదగిన మనుష్యుఁడు. తాళపత్రముల కాలమున నీ మూఁడును ఒక్కచోట దొరకుట సామాన్యముగాదు. రామాయణ మొకటి వ్రాయించుకొనవలెనన్న నొక లేఖకుని నెలలతరబడి పోషింపవలయును. నిరుపేద విద్యార్థి యెక్కడఁ దెచ్చును? వాఁడు పుస్తకమున్న చోటికే పోయి వల్లించి కంఠస్థము చేసికొని రావలయును. కనుక విద్య నేర్చుట యనఁగా నాఁడు ప్రయాణము చేయుట. మన కవుల యవతారికలలో గురుస్తుతి యొక్క పద్యముతో ముగియుటయు, ప్రభువు వర్ణన పదులకొలఁది పద్యములు సాగుటయుఁ జూచి గురువుల పాలు స్వల్పమని తలంచినచో నది పొరపాటు. గురువున కొక పద్యము చాలును; అతఁ డంతకుమించి యడుగఁడు.

అల్లసాని పెద్దన మనుచరిత్రావతారికలోఁ దన గురువగు శఠకోపయతిని స్తుతించినాఁడు. ఆ యతి యహోబిల మఠాధిపతి యని సాహిత్యచరిత్రకారులు నిశ్చయించిరి. కృష్ణదేవరాయలు కళింగదిగ్విజయ కాలమున నహోబిలమును సేవించి కానుక లిచ్చినట్లచ్చటి శాసనమే చెప్పుచున్నది. రాజును, కవియు నొక్క క్షేత్రమునే కొలిచిరి. కాని పెద్దనకు రాయలు కృతిపతియైనది యతని చదువు ముగిసిన పిమ్మట. ఆంధ్రకవితాపితామహుఁడని పిలుచుటకుఁ బూర్వమే పితామహత్వమునకుఁ దగిన పాండిత్యము వాని యందుండవలయును గదా. ఈ మఠమున సంస్కృతకవిత్వమును వర్ధిల్లెను. అహోబిల నరసింహునకును, చెంచు కన్నెకును జరిగిన వివాహము వస్తువుగా వాసంతికాపరిణయమను నాటకమును శఠకోపయతి నామధేయుఁడగు జియ్యరే రచించెను. గురుపీఠము నధిష్ఠించిన యతి చెంచెత ప్రణయమును నాటకముగా వ్రాసిన మఠములో నూతనకవికి నూపిరి సలుపుట కష్టము గాదు.

అహోబిలముతో నింతకంటెఁ బూర్వమే సంబంధము గల మఱియొక కవి యెఱ్ఱాప్రెగ్గడ. ఇతఁడిచ్చటి విద్యార్థి కాఁడు. అద్దంకి ప్రభువగు ప్రోలయవేమారెడ్డి యాస్థానకవి. ఆ వేమారెడ్డి శ్రీశైలాహోబలములకు సోపానములు గట్టించిన పుణ్యాత్ముఁడు. ఎఱ్ఱన తన హరివంశమును, దానికంటె ముందు రామాయణమును వేమారెడ్డి కంకిత మిచ్చెను. కాని నృసింహపురాణమును నరున కీయక యహోబల నృసింహున కిచ్చెను. ఇట్లు చేయుటకుఁ గారణముగా నతఁడు చెప్పిన దొక స్వప్నము. అందుఁ గనఁబడినది రాజు గాఁడు. అతని తాత యెఱ్ఱపోతసూరి.

స్వప్నవృత్తాంతములు కావ్యసమయములని త్రోసిపుచ్చుట మన విమర్శకుల కలవాటు. స్వప్నము సమయమే యగుఁగాక. స్వప్నమున వచ్చు మనుష్యుని కవి యేల యెన్నుకొనెనని యడుగవలదా? తిక్కన భారతావతారికలో హరిహరనాథుని యానతిని గొనివచ్చినది తండ్రియగు కొమ్మనామాత్యుఁడు. ఎఱ్ఱనకుఁ దాత. వీరిరువురును రాజసభలలోఁ బేరు గన్నవారు. కలలోనికి రాజులను రప్పించుకొనఁదలఁచినచో నడ్డుపెట్టువారు లేరు. అయినను బెద్దలనే రప్పించుకొనిరి. తొలుత నెవ్వరియొద్ద నక్షరములు దిద్దుకొనిరో, ఎవ్వరి మెప్పుకొఱకుఁ దొలిపద్యము చదివిరో వారే పెద్దపనికిఁ బూనినపుడు మనస్సునకు వచ్చిరి. స్వప్నవృత్తాంతమును నేను జరిగిన సంగతిగాఁ గాక యొప్పుకోలుగాఁ జదువుచున్నాను.

సహాయము పెద్దలనుండియే రావలెనను నియమమును లేదు. నన్నయభట్టారకుఁడు నారాయణభట్టు చేసిన తోడ్పాటును స్మరించుచు నాతఁడు తన కిష్టుఁడనియు, సహాధ్యాయుఁడనియుఁ జెప్పినాఁడు. ఒక్క గురువుకడఁ జదివిన చెలికాఁడు ప్రక్క నుండుట చేతనే యంతటి కావ్యము నడచెనన్నమాట. నేఁటి బాలకవులకు లోపించుచున్న దిదియే యని నా యనుభవము. పద్యములు వ్రాసికొని మాబోఁట్ల పండితుల యిండ్లకు వచ్చు పిల్లలు నేఁటికిని గలరు. వత్తురు, వినిపింతురు, మెప్పడుగుదురు. తప్పు చూపెడి తోడివాఁడు వారికి లేఁడు. పండితుఁడు చూపిన తప్పు భయపెట్టును. స్నేహితుఁడు చూపిన తప్పు పౌరుషమును రేపి దిద్దించును.

ఇంక నంద్యాలకు వత్తము. ఈ పట్టణమునకుఁ దెలుఁగు వాఙ్మయమున శాశ్వతస్థానమును గల్పించినవాఁడు పింగళి సూరన. 16వ శతాబ్ది మధ్యభాగమున నీ సీమ నేలిన యారవీటి వంశపు ప్రభువు నంద్యాల కృష్ణమరాజు. ఇతనికే సూరన కళాపూర్ణోదయము నంకిత మిచ్చెను. నాలుగువందల యేండ్లకు మించి గడచినను నంద్యాల కృష్ణమరాజను పేరు చదువుకొన్నవారి నోట నున్నదనిన నది యా కృతి మహిమ. ఆ ప్రభువు గెలిచిన కోట లెన్నియో యెవరికిఁ గావలయును?

కృష్ణమరాజు సూరనను బెంచి పెద్దచేసినట్లు కొందఱు వ్రాయుదురు. ఇది కాలక్రమమునకు విరుద్ధము. విమర్శకులు సూరన కృతుల కంగీకరించిన క్రమ మిది: గరుడపురాణము, రాఘవపాండవీయము, కళాపూర్ణోదయము, ప్రభావతీప్రద్యుమ్నము. నంద్యాల ప్రభువు మూఁడవకృతికిఁ బతి. దానికి ముందే రాఘవపాండవీయము వెలసినది. ఆకువీటి ప్రభువగు పెదవేంకటాద్రి కోరికమీఁద వ్రాసిన యా గ్రంథమును సూరన విరూపాక్షస్వామి కంకిత మొనర్చెను. రాఘవపాండవీయము వ్రాయఁగలిగినవాఁడు ప్రారంభకవి కాఁడని వ్యాకరణము చదివినవా రెవరైనఁ జెప్పుదురు.

అది ద్వ్యర్థికావ్యము, ప్రతిపద్యమునకును రామకథాపరముగా నొకటి, భారతకథాపరముగా నొకటి, రెండర్థము లుండవలయును. నానార్థపదములను గూర్చి కొంత దూరము పోవచ్చును. అంతట నవి చాలవు. అప్పుడు సభంగశ్లేష యవసరమగును. అనఁగా నొక్క వర్ణపంక్తినే రెండు విధములఁ బదవిభాగము చేయుట. ఉమాధవుఁడనుటలో మాధవుఁడు దాఁగియున్న ట్లొక యర్థములోపల నింకొక యర్థమును దాఁచవలయును. సంస్కృతమున సమాసబలముచే నిది కొంత సులభము. తెనుఁగున నట్లు గాదు. దేశ్యపదముల విభక్తిప్రత్యయములు, సంధివలన వచ్చు సరళాదేశములు, అర్ధబిందువులు, యడాగమములు ప్రతి యడుగునను నడ్డుపడును. ఒకయర్థమునఁ గళయైన పద మింకొకయర్థమున ద్రుతప్రకృతికము కావచ్చును. అంతటితో సంధి మాఱి యక్షరమే మాఱిపోవును. ఈ చిక్కు లన్నిటిని దాఁటి, చదువరికి ముందొకకథ ధారాళముగా నడచునట్లు వ్రాయవలెనన్న నమరము, వ్యాకరణము, ఛందస్సు నోటఁబట్టిన పాఠముగాఁ గాక యెముకలలో నింకిన సంస్కారముగా నుండవలయును. అది పదియేండ్ల చదువు. ఆ పదియేండ్లు సూరనను బోషించిన దాకువీటి ప్రభువును గాఁడు, నంద్యాల ప్రభువును గాఁడు.

ఇచ్చట సూరన చివరికృతి సాక్ష్యమునకు వచ్చుచున్నది. ప్రభావతీప్రద్యుమ్నమును సూరన యే రాజునకు నీయలేదు, ఏ దేవునకు నీయలేదు. తన తండ్రి యమరనామాత్యున కిచ్చెను. రాఘవపాండవీయకర్తయుఁ గళాపూర్ణోదయకర్తయు నగు కవికి నప్పటికిఁ గృతిపతులు దొరకరన్నమాట లేదు. నాటకీయతయందు నాలుగింటిలో మిన్న యని పలువురు మెచ్చిన యా ప్రబంధమును జేతఁ బట్టుకొని యతఁడు తన యింటిలోనికి నడచినాఁడు. ఆ యవతారికలోనే తాను మునుపు రచించిన గరుడపురాణాదులను బేర్కొన్నాఁడు. తండ్రికిఁ గృతి నిచ్చుచుఁ దన తొలికృతిని దలఁచుకొనుటలో నౌచిత్య మున్నది. ఆ తొలికృతిని మొదట విన్నవాఁడు తండ్రియే యగునని నే నూహింతును.

పింగళివా రించుమించు మంత్రికుటుంబమువారు. చదువు వారి కులధనము. పూర్వులలో నొకఁడు పేకి యను దయ్యమును దాసిగాఁ జేసికొని యింటిపనులు చేయించుకొనెనను వింతకథ యా వంశవర్ణనలోనే యున్నది. కథను నమ్ముట నమ్మకుండుట చదువరుల యిష్టము. ఇంటిపనికి దయ్యము దొరకిన కుటుంబమున బాలునకుఁ జదువుకొనఁ దీఱిక కలిగియుండునని మాత్రము హాస్యమునకుఁ జెప్పవచ్చును. అన్నమయ్యకు దొరకనిది సూరనకు దొరకినది: గడ్డి కోయఁ బంపని యిల్లు.

కృతిని గన్యతోఁ బోల్చుట మన కవుల సంప్రదాయము. కృతికన్య, కృతిపతి యను మాట లందుండి వచ్చినవే. మనుమసిద్ధి తిక్కనను మామా యని పిలిచి నిర్వచనోత్తరరామాయణమును గోరెననుట యందఱెఱిఁగిన కథ. మామ యనిపించుకొన్నవాఁడు కూఁతు నీయవలయును గదా యని చమత్కారము. ఈ పోలికను సూరన చివరికృతికి నన్వయించి చూడుఁడు. కన్యను దండ్రి కిచ్చుట యెట్లు? కృతి తన కూఁతురైనచోఁ దండ్రికి మనుమరాలగును. కన్యాదానోపమ యిక్కడఁ బూర్తిగా విఱిగిపోవుచున్నది. విఱిగినను సూరన వెనుదీయలేదు. ఏలయన నతఁడు చేయుచున్నది కన్యాదానము గాదు, ఋణము దీర్చుట.

ఈ సందర్భమున వ్యాకరణవిషయ మొకటి మనవి చేసికొనెద. అంకితపద్యములను షష్ఠ్యంతము లందుము. అవి కృతిపతి విశేషణములతో 'కున్' అని ముగియును. సంస్కృతమున నీఁబడు వస్తువును గొనువానికి సంప్రదాన మని సంజ్ఞ. దానికిఁ జతుర్థీ విభక్తి. ఆ రీతిని జూచినచో వీనిని జతుర్థ్యంతము లనవలసినది. తెనుఁగున నట్టిచోట వచ్చునది తఱచుగా 'కు' వర్ణమే. దానిని మన వైయాకరణులు షష్ఠిలోఁ జేర్చిరి. షష్ఠి కర్థము సంబంధసామాన్యము. కావున సంస్కృతదృష్టిచేఁ గృతిపతి దానము గొనువాఁడు. తెలుఁగు పేరునుబట్టి కవికిఁ జుట్టము. పేరు పెట్టినవా రీ యుద్దేశముతోనే పెట్టిరని నే ననను. కాని రాజులకుఁ జెప్పిన షష్ఠ్యంతములలోఁ జతుర్థి వాసన వచ్చుననియు, అమరనకుఁ జెప్పినవానిలో షష్ఠి నిజముగా షష్ఠియే యనియు సహృదయులు గమనింతురు గాక.

కృష్ణమరాజు ఘనతను దగ్గించుట నా యభిమతము గాదు. అతఁ డంగీకరించిన కావ్య మెట్టిదో చూడవలయును. అంతవఱకుఁ దెలుఁగుకవులు పురాణేతిహాసములనుండి కథను గైకొని పెంచుచుండిరి. కళాపూర్ణోదయ కథ సూరన కల్పించినది. కథలోఁ గథ, గతజన్మలో నింకొకజన్మ, వెనుక జరిగినది ముందు చెప్పుట, ముందు చెప్పినదాని కారణము చివరఁ దెలియుట, ఇట్టి నిర్మాణమును ముందుగా విన్న ప్రభువు పురాణకథ యేదైన వ్రాయరాదా యని యడిగియున్నచో మనకీ గ్రంథము లేదు. ప్రసిద్ధకవి కొత్తదారిఁ ద్రొక్కునపుడు వెనుదీయని ప్రభువు దొరకుట గొప్పసంగతి. నంద్యాల చేసిన మే లది. అది ప్రారంభకవికిఁ జేసిన మేలు గాదనుటయే నా వాదము.

ఆ కావ్యమందే విద్యాభ్యాసమును గూర్చిన యొక రమ్యమైన ఘట్ట మున్నది. నారదుఁడంతటివాఁడు తుంబురుని గానమునకు సరిరాలేనని మనసునఁ గుంది, ద్వారకకుఁ బోయి, కృష్ణుని భార్యలయొద్ద సంగీతము నేర్చుకొనును. త్రిలోకములలోఁ బేరు గన్న ముని మరల విద్యార్థి యయ్యెను. గురువుల నంతఃపురములో వెదకికొనెను. ఇది వ్రాసినవాఁడు నేర్చుకొనుటలోని సిగ్గును, కష్టమును, ఆనందమును స్వయముగా నెఱిఁగినవాఁడు. ఈ ఘట్టమును గవి తన చదువునాళ్లు తలఁచుకొనకుండ వ్రాసెనని నే ననుకొనలేను.

తొలికృతుల గతి మఱింత విచారింపఁదగినది. సూరన గరుడపురాణము నేఁడు లేదు. ఎఱ్ఱన రామాయణము లేదు. శ్రీనాథుఁడు కాశీఖండమునఁ దన కృతులను దన వయస్సులతో జోడించి చెప్పుచుఁ, బసితనమున మరుత్తరాట్చరిత్రమును, మీసములు మొలచునాఁటికి శాలివాహనసప్తశతిని రచించితినని వాక్రుచ్చెను. ఆ రెండును గ్రంథరూపమున మనకు దక్కలేదు. పూర్ణయౌవనమున రచించిన నైషధము మాత్రము దక్కినది. ముగ్గురు మహాకవుల తొలికృతులు నశించి, ప్రౌఢకృతులు నిలిచినవనిన దీనిని గాకతాళీయ మందమా? తాళపత్రము దానంతట నది మూఁడు నాలుగువందల యేండ్లు నిలువదు. పురుగు తినును, అంచు విఱుగును. తరమున కొకసారియైన నెవఁడో యొకఁడు మరల వ్రాయవలయును. ప్రౌఢకృతికి వ్రాయువారు దొరకుదురు. బాల్యకృతిని గవి తానే మరచినట్లుండును. ఇంటివారును గవి పేరు గొప్పదైన పిమ్మట దానిని బయటఁ బెట్టుటకు సంకోచింతురు. నేర్చుకొన్న తీరు తెలుపు సాక్ష్యమంతయు నీ విధముగాఁ జెదలపాలైనది. మన కగపడుచున్నవి మేడలు. ఎక్కిన నిచ్చెనలు గావు.

దీనికి వ్యతిరిక్తముగా రెండు నిదర్శనము లున్నవి. నిర్వచనోత్తరరామాయణము తిక్కన తొలిరచన యయ్యును నిలిచినది. కాని తిక్కన మంత్రివంశమువాఁడు. రాజద్వార మతనికిఁ బుట్టుకతోనే తెఱచియుండెను. రెండవది తాళ్లపాకవారిది. అన్నమయ్య సంకీర్తనములు ముప్పదిరెండువే లనుదురు. అందు సగమునకుఁ దక్కువయే నేఁడు లభించుచున్నవి. ఆ మాత్రము దక్కినది కుమారుఁడగు పెదతిరుమలాచార్యుఁడు వానిని రాగిఱేకుల మీఁదఁ జెక్కించి తిరుమల భాండారమున నుంచుటచేత. సాళువ నరసింహుఁడు టంగుటూరిలో నన్నమయ్య నాదరించినమాట నిజమే. తనమీఁదఁ బదము చెప్పుమని కోరి, చెప్పకున్న సంకెలలు వేయించినవాఁడును నతఁడే యని చిన్నన్న వ్రాసెను. ప్రభువు నాదరణకు వెల యుండును. కొడుకు రాగికిఁ బెట్టిన వెల యెంతయో యెవ్వరును వ్రాయలేదు.

ఈ రెండు స్థానములును శాశ్వతము గాకపోయినవి. 1565లో రాక్షసతంగడి యుద్ధమున విజయనగరము కూలెను. ఆరవీటివారి యాధిపత్యము పెనుగొండకును, చంద్రగిరికిని మరలుటతోఁ గవిత్వము దక్షిణమునకు వలసపోయెను. తంజావూరు, మధుర తెలుఁగునకుఁ గొత్తనెలవు లయ్యెను. అహోబిలము 1579 ప్రాంతమున గోలకొండసేనకును, వారికిఁ దోడ్పడిన హండెవారికిని జిక్కి దోపిడికి గుఱియయ్యెను. జియ్యరు రాజగు శ్రీరంగరాయలకు మొఱపెట్టుకొనఁగాఁ గొండరాజు వేంకటరాజు మొదలగువారు దానిని మరల సాధించి క్షేత్రమును బునరుద్ధరించినట్లు శా. శ. 1506 నాఁటి శాసనము తెలుపుచున్నది. శాసనము ఆలయమును, మాన్యములను లెక్కించును. ఆ యైదాఱేండ్లు పాఠము చెప్పువారు లేక యిండ్లకు మరలిపోయిన విద్యార్థులను లెక్కింపదు. వారిలో నెందఱు మరల వచ్చిరో!

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట నూతనకవి పరిస్థితి మాఱినది. దీనికి నంద్యాలకవితోడనే ముడివడిన యొక నిదర్శనము చూపెదను. 1899లో మద్రాసు క్రైస్తవకళాశాలలోఁ జదువుచున్న యొక పందొమ్మిదేండ్ల విద్యార్థి, అచ్చటి తెలుఁగుసంఘమువారు పెట్టిన పోటీకై యొక చిన్నకావ్యము వ్రాసెను. అనంతపురము సీమలోని బుక్కరాయసముద్రపుఁ జెఱువుకట్ట నిలుచుటకుఁ బ్రాణము లర్పించిన కోడలి కథ యది. బ్రౌనుదొర ప్రకటించిన యనంతపుర చరిత్రములోనిది. బహుమాన మా కావ్యమునకే వచ్చినది. గ్రంథము ముసలమ్మ మరణము. విద్యార్థి కట్టమంచి రామలింగారెడ్డి. రాజు లేఁడు, మఠము లేదు, తండ్రి కల లేదు. తోడి విద్యార్థుల సంఘము, మెచ్చి ప్రోత్సహించిన తెలుఁగు పండితుఁడు, అచ్చుకూటము, ఇవియే యతని కండ.

ఆ రామలింగారెడ్డిగారే 1914లోఁ గవిత్వతత్త్వవిచారమును బ్రకటించి, కళాపూర్ణోదయమును విమర్శకుల చూపున కెక్కించిరి. అంతవఱకు సూరనను శ్లేషకవిగాఁ బొగడుచుండిన పండితలోకము, కథాకల్పనకై యతనిని మరల చదువ మొదలిడినది. ప్రబంధకవులను వారు తూలనాడిన తీరుతో నేను బూర్తిగ నేకీభవింపను. పెద్దనకు వారు న్యాయము చేయలేదనియే నా తలంపు. సూరన విషయమున మాత్రము వారి తీర్పు నిలిచినది.

రామలింగారెడ్డిగారి తొలికావ్యము నేఁడును దొరకును. అందలి పద్యములలోఁ బసితన మెచ్చటెచ్చట నున్నదో, ఏ పూర్వకవి పోకడ నెట్లనుసరించిరో వ్రేలు పెట్టి చూపవచ్చును. సూరన గరుడపురాణమును మన మట్లు చదువలేము. కుందూతీరపు గ్రామములలో నటకలమీఁద నింకను విప్పని తాటియాకుల కట్టలు కొన్ని యున్నవి. వెల కట్టలేక పాతసామానులతోఁ గలిపి పంచుకొనుచున్న యిండ్లును గలవు. వానిలో మహాకావ్యములకై వెదకువారికి నిరాశయే కలుగవచ్చును. ఏ బాలుఁడో వ్రాసి, తండ్రి ప్రక్కనే దిద్దిన పద్యముల పత్రము లొకటి రెండు దొరకినను, మనము వెదకుచున్న విద్యాభ్యాసచరిత్రమునకు నవి చాలును.